పంటి అరుగుదల – జనాభా లక్షణాలు: కొలమానాల చరిత్ర, ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

వయోజనుల పళ్ల అరుగుదలకు వయసు, లింగం, వృత్తి, ఆహారం, నివాసస్థలం వంటి జనాభా లక్షణాలతో ఉన్న సంబంధాన్ని రెండు శాస్త్రాలు రెండు దిక్కుల నుంచి పరిశీలించాయి. పురావస్తు మానవశాస్త్రం అరుగుదలను చూసి వయసును ఊహించింది. దంతవైద్యశాస్త్రం వయసును ముందే తెలుసుకొని అరుగుదలను లెక్కించింది. మొదటిదానికి ఆధారమైనది రెండవదానికి ఫలితం. ఈ తేడాను గుర్తించకుండా ఇరుపక్షాల గణాంకాలను పక్కపక్కన పెట్టినప్పుడు చక్రకదోషం ఏర్పడుతుంది. 18వ శతాబ్దం నుంచి నేటి వరకు రూపొందిన ప్రధాన కొలమానాలను, వాటిపై వచ్చిన విమర్శలను చారిత్రక క్రమంలో పరిశీలించి, ఏ జనాభా లక్షణం గురించి ఎంతవరకు నిశ్చయంగా చెప్పవచ్చునో నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు ప్రాంతపు అస్థిపంజరాల మీద, సజీవ జనాభా మీద జరగవలసిన పరిశోధనకు ఈ చరిత్ర నేర్పే జాగ్రత్తలు చివరి భాగంలో చర్చించబడ్డాయి.

కీలకపదాలు: పంటి అరుగుదల, పురాజనాభాశాస్త్రం, వయోనిర్ధారణ, చర్వణకాలు, ఆహారచరిత్ర, శ్రమవిభజన, ఫ్లోరోసిస్.

1. ప్రవేశిక

పశువుల సంతలో ఎద్దును కొనే రైతు ముందుగా దాని నోరు తెరిచి చూస్తాడు. రెండుపళ్లు, నాలుగుపళ్లు, ఆరుపళ్లు అని లెక్క కట్టి వయసు చెబుతాడు. పళ్లన్నీ వచ్చిన తరువాత లెక్క మారుతుంది. అప్పటి నుంచి ఎన్ని వచ్చాయన్నది కాక, ఎంత అరిగాయన్నది చూడాలి. మొదటి లెక్కలో పొరపాటు తక్కువ. రెండవ లెక్కలో ఆ పశువు ఏ నేల మీద మేసింది, ఏమి తిన్నది అన్న ప్రశ్నలు కూడా చేరుతాయి. ఇసుకనేలలో మేసిన పశువు పళ్లు త్వరగా అరుగుతాయి కనుక అది తన అసలు వయసుకంటె ముసలిదిగా కనిపించవచ్చు.

మనిషి విషయంలోనూ చిక్కు ఇదే. బాల్యంలో, కౌమారంలో పళ్లు మొలిచే క్రమం దాదాపుగా జీవశాస్త్ర నియమాలకు లోబడి ఉంటుంది. మొదటి చర్వణకం ఇంచుమించు ఆరవ ఏట, రెండవది పన్నెండవ ఏట, జ్ఞానదంతం పద్ధెనిమిదవ ఏటికి అటూ ఇటూగా బయటపడతాయి. ఆ తరువాత పళ్లలో జరిగే మార్పులకు కాలంతోపాటు తిండి, పని, అలవాటు, రోగం, నీరు కూడా కారణాలవుతాయి. కాబట్టి అరిగిన పన్ను వయసును మాత్రమే చెప్పదు, జీవించిన తీరును మాత్రమే చెప్పదు. రెండింటినీ కలగలిపి చెబుతుంది. ఆ రెండింటినీ విడదీయడానికి పరిశోధకులు చేసిన ప్రయత్నమే పంటి అరుగుదల అధ్యయన చరిత్ర.

ఈ ప్రశ్న ప్రాచీన చరిత్రకు ఎందుకు కీలకమో గుర్తించాలి. లిఖిత జననమరణ పత్రాలు లేని సమాజాలలో ప్రజలు సగటున ఎంతకాలం బ్రతికారు, స్త్రీలు పురుషులకంటె ముందుగా మరణించారా, వ్యవసాయం ఆయుష్షును పెంచిందా తగ్గించిందా అన్న ప్రశ్నలకు సమాధానాలు చాలావరకు అస్థిపంజరాల వయోనిర్ధారణ మీద నిలిచి ఉన్నాయి. ఆ వయోనిర్ధారణలో పళ్లకు ప్రధానస్థానం ఉంది. ఎముకలు శిథిలమైన చోట కూడా శరీరంలోకెల్ల గట్టి ధాతువైన ఎనామిల్ వల్ల పళ్లు మిగులుతాయి.

2. అరుగుదల స్వరూపం – తొలి వివేచన

నేడు దంతశాస్త్రం అరుగుదలను స్థూలంగా మూడు విధాలుగా విభజిస్తున్నది. పంటికి పన్ను రాసుకోవడం వల్ల కలిగేది ఘర్షణ. ఆహారంలోని గరుకు రేణువులు, పళ్లపొడి, పుల్ల, దారం వంటి బయటి వస్తువుల వల్ల కలిగేది రాపిడి. సూక్ష్మజీవుల ప్రమేయం లేకుండా ఆమ్లాల వల్ల కలిగేది క్షరణం. ఇవి మూడూ పుచ్చుపన్నుకు భిన్నమైనవి. నోటిలో ఇవి విడివిడిగా కాక ఏకకాలంలో పనిచేస్తాయి. ఆమ్లం వల్ల మెత్తబడిన ఎనామిల్ రాపిడికి సులభంగా లొంగుతుంది.

ఈ భేదాలు ఒక్కసారిగా స్పష్టపడలేదు. ఆంగ్ల శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1771లో మానవ దంతాల సహజచరిత్రపై ఒక గ్రంథాన్ని, 1778లో దంతరోగాలపై మరొక గ్రంథాన్ని ప్రకటించాడు. పుచ్చుకు సంబంధం లేకుండా పంటి పైపొర పోయి లోపలి భాగం బయటపడే స్థితిని ఆయన ప్రత్యేకంగా గుర్తించాడు. 1907లో డబ్ల్యు. డి. మిల్లర్ పంటిధాతువు హరించుకుపోవడంపై ప్రయోగాలు జరిపి ఫలితాలను ప్రకటించాడు. మూడు విధాల విభజనను 1970లో పిండ్‌బోర్గ్ తన దంతధాతు రోగవిజ్ఞాన గ్రంథంలో స్థిరపరిచాడు.

జనాభాల మధ్య పోలికకు వివరణ చాలదు. అంకె కావాలి. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త పాల్ బ్రోకా 19వ శతాబ్దపు చివరి భాగంలో అరుగుదలను కొద్ది దశలుగా విభజించే ఒక సరళమైన కొలమానాన్ని ప్రతిపాదించాడు. అరుగుదల లేని స్థితి మొదలు, ఎనామిల్ మాత్రమే అరిగిన స్థితి, డెంటిన్ బయటపడిన స్థితి, పన్ను మొదలువరకు అరిగిన స్థితి వరకు సాగే ఈ వర్గీకరణ తరువాతి కొలమానాలన్నింటికీ మూలసూత్రం. ఎనామిల్ తెల్లగా, డెంటిన్ పసుపువన్నెలో ఉంటాయి. బయటపడిన డెంటిన్ విస్తీర్ణాన్ని కంటితో చూసి దశను నిర్ణయించవచ్చు. ఈ సౌలభ్యమే ఆ పద్ధతికి బలం, బలహీనత కూడా. దశలు సమాన దూరంలో ఉండవు. ఎనామిల్ ఉన్నంతకాలం అరుగుదల నెమ్మదిగా, డెంటిన్ బయటపడ్డాక వేగంగా సాగుతుంది. అంకెలలో కనిపించే క్రమం కాలక్రమానికి సమానుపాతం కాదు.

3. వయసు: పంటిని గడియారంగా చదవడం

పళ్లను వయసుకు సాక్ష్యంగా స్వీకరించడం వెనుక ఒక పాలనావసరం ఉన్నది. ఇంగ్లండులో 1833 నాటి ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్ల లోపు పిల్లలను వస్త్రమిల్లుల పనిలో పెట్టుకోవడాన్ని చాలావరకు నిషేధించింది. కాని పౌర జననమరణ నమోదు అక్కడ 1837లో గాని ఆరంభం కాలేదు. పిల్లల వయసు రుజువు చేసే పత్రం లేదు. ఆ సందర్భంలోనే ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు ఫ్యాక్టరీ బాలలను దృష్టిలో ఉంచుకొని, ఎత్తుకంటె పళ్లే వయసుకు నమ్మదగిన గుర్తు అని 1837లో ఒక పుస్తకంలో ప్రతిపాదించాడు. కాగితం లేని చోట పన్ను కాగితమైంది. అయితే సాండర్స్ ఆధారపడినది మొలకెత్తే పళ్ల మీద. వయోజనులకు ఈ పద్ధతి వర్తించదు.

వయోజనుల విషయంలో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్‌సన్ 1950లో ప్రకటించిన పద్ధతి ప్రసిద్ధమైనది. ఆయన ఆరు లక్షణాలను పరిగణించాడు. అరుగుదల, పంటి చుట్టూ ఉండే ఆధారధాతువు వెనుకబడటం, పంటి లోపల ద్వితీయ డెంటిన్ పేరుకోవడం, వేరు చుట్టూ సిమెంటం దళసరి కావడం, వేరు కరగడం, వేరు పారదర్శకం కావడం అన్నవి ఆ ఆరు. ఒక్కొక్కదానికి సున్న నుంచి మూడు వరకు మార్కులు వేసి, వాటి మొత్తం నుంచి వయసును గణించాడు. అరుగుదల ఒక్కటే వయసును నిర్ణయించలేదని ఈ పద్ధతి పరోక్షంగా అంగీకరించింది. ఆరింటిలో అరుగుదల ఒకటి మాత్రమే.

పురావస్తు రంగంలో మలుపు తెచ్చినది ఎ. ఇ. డబ్ల్యు. మైల్స్ 1960ల ఆరంభంలో ఆంగ్లో-శాక్సన్ అస్థిపంజరాలపై చేసిన అధ్యయనం. ఆయన తర్కం సరళమైనది. ఒక శ్మశానంలో దొరికిన పిల్లల, కౌమారుల వయసును వారి పళ్లు మొలిచిన స్థితిని బట్టి తెలుసుకోవచ్చు. పన్నెండేళ్ల బాలుడి మొదటి చర్వణకం ఆరేళ్లుగా పనిచేస్తున్నది. దాని మీద కనిపించేది ఆరేళ్ల అరుగుదల. పద్ధెనిమిదేళ్ల యువకునిలో అదే పంటిపై పన్నెండేళ్ల అరుగుదల, రెండవ చర్వణకంపై ఆరేళ్ల అరుగుదల ఉంటాయి. ఇప్పుడు ఒక వయోజనుని రెండవ చర్వణకం మీద పన్నెండేళ్లకు సమానమైన అరుగుదల కనిపిస్తే, ఆ పన్ను పన్నెండవ ఏట మొలిచింది కనుక, అతని వయసు సుమారు ఇరవై నాలుగు. ఇలా ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు సాగవచ్చు. వెనుక చర్వణకాలు కాస్త నెమ్మదిగా అరుగుతాయని గమనించి, మొదటి చర్వణకంపై ఆరేళ్లలో జరిగే అరుగుదల రెండవదానిపై ఆరున్నరేళ్లకు, మూడవదానిపై ఏడేళ్లకు జరుగుతుందని మైల్స్ సవరించాడు.

ఈ పద్ధతిలోని విశిష్టత ఏమంటే, అది అరుగుదల వేగాన్ని బయటి జనాభా నుంచి అరువు తెచ్చుకోదు. ఆ శ్మశానంలోని పిల్లలే ఆ శ్మశానంలోని పెద్దలకు కొలబద్ద. ఆ కాలంలోనే డాన్ బ్రాత్‌వెల్ 1963లో తన గ్రంథంలో ప్రకటించిన చర్వణకాల అరుగుదల పటం బ్రిటన్‌లోని నవీనశిలాయుగం నుంచి మధ్యయుగం వరకు గల అస్థిపంజరాల కోసం రూపొందినది. వాడుకలో సులభం కావడం వల్ల అది ఇతర దేశాల అస్థిపంజరాలకు కూడా అన్వయింపబడింది. ఒక జనాభా తిండికి సరిపోయిన కొలబద్దను మరొక తిండి తిన్న జనాభాకు వేసినప్పుడు వచ్చే వయసు, నిజానికి రెండు ఆహారాల మధ్య తేడాను వయసు రూపంలో చూపుతుంది.

మైల్స్ పద్ధతికీ పరిమితులు ఉన్నాయి. పిల్లల నాటి అరుగుదల వేగమే జీవితాంతం కొనసాగుతుందని అది భావిస్తుంది. ప్రతి మెట్టులోని చిన్న పొరపాటు తరువాతి మెట్టుకు చేరి పెరుగుతుంది. ఆరు నుంచి పద్ధెనిమిదేళ్ల మధ్య వారి అస్థిపంజరాలు తగినన్ని దొరకాలి. సాధారణంగా ప్రాచీన శ్మశానాలలో శిశువులు, వృద్ధులు, మధ్యవయస్కులు దొరికినంతగా ఈ వయసువారు దొరకరు. ఆ వయసులో మరణాలు తక్కువ.

4. గడియారంపై విమర్శ

1982లో బొకే-అపెల్, మాసే అనే ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు పురాజనాభాశాస్త్రానికి వీడ్కోలు పలుకుతున్నట్టు శీర్షిక పెట్టి ప్రకటించిన వ్యాసం ఈ రంగాన్ని కుదిపివేసింది. వారి వాదన ఇది. ఏ అస్థిలక్షణం నుంచైనా వయసును ఊహించాలంటే వయసు తెలిసిన ఒక ప్రమాణసమూహం కావాలి. లక్షణానికి, వయసుకు మధ్య సంబంధం బలహీనంగా ఉన్నప్పుడు, ఊహించిన వయసులు ఆ ప్రమాణసమూహపు వయోవిభజననే అనుకరిస్తాయి. అంటే ఒక ప్రాచీన గ్రామంలో ప్రజలు ఏ వయసులో మరణించారో తెలుసుకొన్నామని భావిస్తాము గాని, నిజానికి ప్రమాణసమూహంలోని వ్యక్తులు ఏ వయసులో మరణించారో దానినే మళ్లీ చదువుతున్నాము. మరుసటి ఏడాదే వాన్ గెర్వెన్, ఆర్మెలాగోస్ దీనికి గట్టిగా ప్రత్యుత్తరమిచ్చారు. అయినా ఆ విమర్శ లేవనెత్తిన గణితసమస్య అలాగే నిలిచింది.

ఆ సమస్యకు కళ్లకు కట్టే ఉదాహరణ లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ క్రైస్ట్ చర్చి నేలమాళిగలో దొరికింది. 1980లలో జరిగిన తవ్వకంలో 18, 19 శతాబ్దాలకు చెందిన దాదాపు వెయ్యిమంది అవశేషాలు వెలికివచ్చాయి. వారిలో నాలుగు వందలకు కాస్త తక్కువమంది శవపేటికలపై పేరు, వయసు, మరణించిన సంవత్సరం చెక్కిన పలకలు ఉన్నాయి. పరిశోధకులు ముందుగా ఎముకల లక్షణాలను బట్టి వయసులు నిర్ణయించి, తరువాత పలకలతో సరిచూశారు. చిన్నవయసువారిని పెద్దవారుగా, వృద్ధులను అసలు వయసుకంటె చాలా చిన్నవారుగా లెక్కించినట్లు తేలింది. పైగా మెత్తని, శుద్ధిచేసిన ఆహారం తిన్న ఈ పట్టణ మధ్యతరగతివారి పళ్లలో అరుగుదల స్వల్పం. కొలబద్దకు పట్టుకోవడానికి గీతలే లేవు.

ఈ ఫలితపు చారిత్రక పర్యవసానం గొప్పది. ప్రాచీనులు నలభై, యాభై ఏళ్లకే మరణించారన్న ప్రచురిత నిర్ధారణలలో కొంతభాగం కొలమానపు పైకప్పు కారణంగా ఏర్పడినది కావచ్చు. పళ్లు పూర్తిగా అరిగిన తరువాత ఇక అరగడానికి ఏమీ లేదు. అరవై ఏళ్లవాడికీ ఎనభై ఏళ్లవాడికీ ఒకే దశ. ఈ లోపాన్ని సవరించడానికి హొప్ప, వావ్‌పెల్ సంపాదకత్వంలో 2002లో వెలువడిన సంకలనం ఒక మార్గాన్ని చూపింది. ఒక్కొక్క అస్థిపంజరానికి ముందుగా వయసు నిర్ణయించి తరువాత కూడికలు వేయడం మాని, మొత్తం జనాభా వయోవిభజనను సంభావ్యతా పద్ధతిలో ముందుగా అంచనా వేయాలన్నది ఆ మార్గం సారాంశం. దీనితో అరుగుదల దశ ఒక నిశ్చిత వయసును సూచించే గుర్తుగా కాక, వయసుల విస్తృతిని సూచించే సాక్ష్యంగా మారింది.

5. లింగం, శ్రమవిభజన

స్త్రీపురుషుల మధ్య అరుగుదల తేడాకు జీవశాస్త్ర కారణాలను, సామాజిక కారణాలను వేరుచేయడం కష్టం. పురుషుల కొరుకుబలం సగటున ఎక్కువ. స్త్రీలలో శాశ్వతదంతాలు సాధారణంగా కొంత ముందుగా మొలుస్తాయి. ఆ మేరకు ఒకే వయసు గల బాలబాలికలలో బాలిక పన్ను కాస్త ఎక్కువకాలం పనిచేసి ఉంటుంది. ఈ రెండు ప్రభావాలూ పరస్పరం వ్యతిరేక దిశలలో పనిచేస్తాయి. కనుక లింగభేదాన్ని ప్రకృతి నియమంగా ముందే భావించలేము.

పని వల్ల కలిగే భేదం ఇంతకంటె స్పష్టంగా కనిపిస్తుంది. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డునున్న అబు హురేరాలో 1972–73లో తవ్వకాలు జరిగాయి. అక్కడి అస్థిపంజరాలను థేయా మోలెసన్ అధ్యయనం చేశారు. తిరుగలి కంటె ముందుకాలపు సాధనమైన చదును రాతిమీద మోకరించి ధాన్యం నూరడం వల్ల కాలివేళ్లలో, మోకాళ్లలో, నడుములో ఏర్పడిన మార్పులను ఆమె గుర్తించి, ఆ పని ప్రధానంగా స్త్రీలదని ప్రతిపాదించారు. నూరిన పిండిలో కలిసిన రాతిరేణువులు, గట్టిగింజలు పళ్లను తీవ్రంగా అరగదీశాయి. అయితే ఆ పిండి తిన్నది ఇంటిల్లిపాది. కాబట్టి నూరిన శ్రమ స్త్రీల కీళ్లలో మిగిలింది, నూరిన పిండి గుర్తు అందరి పళ్లలో మిగిలింది. కొద్దిమంది ముందుపళ్లలో మాత్రం గాళ్లు కనిపించాయి. బుట్టలు అల్లేటప్పుడు నారను పళ్లతో పట్టి లాగడం వల్ల అవి ఏర్పడ్డాయని ఆమె వివరించారు. చర్వణకాలు ఆహారాన్ని, కుంతకాలు పనిని చెబుతాయన్న స్థూలసూత్రానికి ఇది మంచి ఉదాహరణ.

ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూయిట్ సమాజాలలో తోళ్లను పళ్లతో నమిలి మెత్తబరిచే పని స్త్రీలది. అక్కడ ముందుపళ్ల స్థితిలోని లింగభేదాన్ని ఈ శ్రమవిభజనతో అనుసంధానించి చదివారు. ఐరోపాలో మట్టిగొట్టంతో పొగతాగినవారి పళ్లలో పైపన్ను, కింది పన్ను కలిసే చోట గుండ్రని ఖాళీ ఏర్పడేది. ఇది పురుషులలో ఎక్కువగా కనిపించినా స్త్రీలలోనూ ఉంది. అలాంటి ఖాళీని చూసి అస్థిపంజరం పురుషునిదని నిర్ణయిస్తే, పొగతాగిన స్త్రీలు చరిత్రలో లేకుండా పోతారు. లక్షణం నుంచి లింగాన్ని, ఆ లింగం నుంచి మళ్లీ లక్షణాన్ని నిరూపించే చక్రకదోషం ఇక్కడా పొంచి ఉన్నది.

6. ఆహారం, వర్గం, స్థలం

బి. హాలీ స్మిత్ 1984లో ప్రకటించిన అధ్యయనం అరుగుదల పరిమాణాన్ని కాక, అరిగిన తలపు వాలును కొలిచింది. వేట, సేకరణలపై జీవించినవారి చర్వణకాలు చదునుగా అరుగుతాయి. వ్యవసాయదారుల చర్వణకాలు ఏటవాలుగా అరుగుతాయి. పీచు, గట్టితనం ఎక్కువగా ఉన్న ఆహారాన్ని పూర్తి తలంతో నమలవలసి రావడం, నూరి వండిన మెత్తని ఆహారంలో పళ్లు పరస్పరం తాకే తీరు మారడం ఇందుకు కారణాలుగా చెప్పబడ్డాయి. వయసు తెలియకపోయినా ఒకే స్థాయి అరుగుదల గల పళ్లను పోల్చవచ్చునన్నది ఈ పద్ధతిలోని సౌకర్యం. వయసు అనే అజ్ఞాతరాశిని ఊహించకుండానే జీవనవిధానం గురించి మాట్లాడే వీలు ఇక్కడ కలిగింది.

భారతదేశంలో గంగాలోయలోని మహదహా, దమ్‌దమా మధ్యశిలాయుగ స్థలాల మానవుల పళ్లను జాన్ లుకాక్స్, జె. ఎన్. పాల్ పరిశీలించి, తీవ్రమైన అరుగుదల, స్వల్పమైన పుచ్చు అనే జంటలక్షణాలను వేట, సేకరణ జీవనానికి అనుగుణమైనవిగా వివరించారు. వ్యవసాయం బలపడిన హరప్పాలో పుచ్చు పెరిగింది. పుచ్చు పెరిగినచోట పళ్లు ఊడిపోతాయి. ఊడిన పన్ను అరుగుదల లెక్కలోకి రాదు. కనుక వ్యవసాయ సమాజాలలో అరుగుదల తక్కువగా కనిపించడానికి మెత్తని తిండి ఒక కారణమైతే, అరగడానికి పన్నే మిగలకపోవడం మరొక కారణం కావచ్చు. అదే విధంగా మెహర్‌గఢ్, హరప్పా పళ్లలో పని వల్ల ఏర్పడిన రాపిడిగుర్తులను లుకాక్స్, పాస్టర్ 1988లో వివరించారు.

వర్గభేదం అరుగుదలలో కనిపిస్తుందా అన్న ప్రశ్నకు ప్రాచీన ఈజిప్టు ఆసక్తికరమైన సమాధానమిస్తుంది. ఫిల్స్ లీక్ అనే దంతవైద్యుడు 1972లో ప్రకటించిన వ్యాసంలో, మ్యూజియంలలో భద్రపరచిన ప్రాచీన రొట్టె ముక్కలను పరీక్షించి వాటిలో ఇసుక, రాతిరేణువులు ఉన్నట్లు చూపాడు. ఎడారి గాలి, పంట నూర్చిన నేల, నూరిన రాయి అన్నీ పిండిలో తమ వంతు వేశాయి. రెండవ రామెసెస్ మమ్మీలో పళ్లు తీవ్రంగా అరిగి ఉన్నాయి. రొట్టె అందరికీ ప్రధానాహారమైనచోట, పిండి ఒకే విధంగా నూరబడినచోట, సింహాసనం పంటిని కాపాడలేదు. వర్గం పంటి మీద ప్రభావం చూపాలంటే అది ముందుగా వంటింటి సాంకేతికతలో భేదంగా మారాలి.

స్థలప్రభావానికి తెలుగునేల నుంచే ఒక ఉదాహరణ ఉంది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల కలిగే ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్, ఆయన సహచరులు వైద్యపత్రికలలో వర్ణించారు. తరువాతి కాలంలో నల్గొండ ప్రాంతం ఈ సమస్యకు మారుపేరైంది. తీవ్రమైన దంతఫ్లోరోసిస్‌లో ఎనామిల్ పొర కింద సూక్ష్మరంధ్రాలు ఏర్పడి, పన్ను మొలిచాక పైపొర పెచ్చులూడి, త్వరగా అరుగుతుంది. ఇక్కడ నిర్ణాయకమైన జనాభా లక్షణం ప్రస్తుత నివాసం కాదు. ఎనామిల్ రూపొందే బాల్యంలో ఆ వ్యక్తి ఎక్కడి నీరు తాగాడన్నది ముఖ్యం. వలస వచ్చిన కోడలికీ, ఆ ఊళ్లోనే పుట్టిన ఆడపడుచుకూ ఒకే వయసు, ఒకే వంట ఉన్నా పళ్లు వేరుగా ఉండవచ్చు. వివాహంతో స్త్రీలు ఊరు మారే సమాజంలో ఈ అంశం లింగభేదం రూపంలో కనిపించి పరిశోధకుని తప్పుదారి పట్టించే అవకాశం ఉంది.

7. సజీవ జనాభా సర్వేలు

1984లో స్మిత్, నైట్ ప్రతిపాదించిన అరుగుదల సూచిక దంతవైద్య సర్వేలకు పునాది వేసింది. ఇది పంటి ప్రతి తలాన్ని వేరుగా పరిశీలించి సున్న నుంచి నాలుగు వరకు మార్కులు వేస్తుంది. ఒక్కొక్క వయసుకు ఎంతవరకు అరుగుదల సహజం, ఎక్కడి నుంచి రోగం అన్న ప్రశ్నను వారు స్పష్టంగా ముందుకు తెచ్చారు. 2008లో బార్ట్‌లెట్, గాన్స్, లుస్సి క్షరణ ప్రధానమైన అరుగుదల కోసం మరింత సరళమైన పరీక్షను రూపొందించారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ సర్వే పద్ధతుల గ్రంథం అయిదవ కూర్పులో, 2013లో, దంతక్షరణానికి స్థానం లభించింది.

ఈ సర్వేల సారాంశం కొన్ని అంశాలలో స్థిరంగా ఉన్నది. వాన్ట్ స్పైకర్, సహచరులు 2009లో ప్రకటించిన సమీక్ష ప్రకారం తీవ్రమైన అరుగుదల గల వయోజనుల శాతం ఇరవయ్యవ ఏట సుమారు 3 నుంచి డెబ్బయ్యవ ఏట సుమారు 17కు పెరుగుతుంది. 2016లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 25 నుంచి 74 ఏళ్ల వారిలో 13 శాతం మందికి స్వల్ప, 80 శాతం మందికి మధ్యస్థ, 6 శాతం మందికి తీవ్ర అరుగుదల కనిపించింది. వయసుతోపాటు అరిగిన పళ్ల సంఖ్య పెరిగింది. పురుషులలో స్త్రీలకంటె అరుగుదల ఎక్కువగా ఉంది. తక్కువ సామాజికార్థిక స్థాయిలో ఎక్కువ వైపు మొగ్గు కనిపించింది. ఏడు ఐరోపా దేశాలలో 18 నుంచి 35 ఏళ్ల 3,187 మందిని పరీక్షించి 2013లో ప్రకటించిన అధ్యయనం 29 శాతం మందిలో అరుగుదల చిహ్నాలను గుర్తించింది. యువకులలో ఇంత అరుగుదల ఉండటాన్ని వృద్ధాప్యంతో వివరించలేము. ఆమ్లపానీయాలు, జీర్ణాశయ ఆమ్లం పైకి ఎగదన్నడం వంటి కారణాలు పరిశీలనకు వస్తాయి.

అయితే వయసుకు, తరానికి మధ్య తేడా ఇక్కడ అత్యంత కీలకం. 1968లో ఇంగ్లండు, వేల్స్ వయోజనులలో 37 శాతం మందికి సొంత పళ్లు ఒక్కటీ లేవు. 2009 నాటి సర్వేలో ఆ సంఖ్య 6 శాతానికి పడిపోయింది. అదే 2009 సర్వేలో పళ్లున్న వయోజనులలో 77 శాతం మంది ముందుపళ్లలో డెంటిన్ వరకు చేరిన అరుగుదల కనిపించింది. మధ్యస్థ అరుగుదల 15 శాతం, తీవ్ర అరుగుదల 2 శాతం మందిలో ఉన్నాయి. ఇంగ్లండులో 1998లో 66 శాతంగా ఉన్నది 2009 నాటికి 76 శాతానికి చేరింది. ఈ పెరుగుదలను చూసి ప్రజల పళ్లు వేగంగా క్షీణిస్తున్నాయని మాత్రమే చెప్పడం తొందరపాటు. మునుపటి తరంలో పళ్లు తీయించుకొని కట్టుడుపళ్లు పెట్టుకొన్న వృద్ధులు లెక్కలోకే రాలేదు. తరువాతి తరంవారు తమ పళ్లను నిలుపుకొన్నారు గనుక లెక్కలోకి వచ్చారు. అరుగుదల పెరుగుదలలో కొంతభాగం దంతసంరక్షణ సాధించిన విజయానికి నీడ కావచ్చు.

8. తెలుగు ప్రాంత పరిశోధనకు అన్వయం

నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాలలో నవీనశిలాయుగ, బృహత్‌శిలాయుగ సమాధులు బయటపడ్డాయి. ఇటువంటి స్థలాల అస్థిపంజరాలకు వయసు నిర్ణయించేటప్పుడు బ్రిటిష్ పటాలను యథాతథంగా అన్వయించరాదని పై చరిత్ర హెచ్చరిస్తున్నది. జొన్న, కొర్ర, రాగి వంటి ధాన్యాలను నల్లరాతి సాధనాలపై నూరుకొన్న సమాజపు అరుగుదల వేగాన్ని ఆ సమాజపు కౌమారుల పళ్ల నుంచే రాబట్టాలి. అది సాధ్యంకాని చోట వయసును ఏళ్లలో కాక, తొలి, నడి, మలి వయోజన దశలుగా చెప్పడం నిజాయతీ గల మార్గం.

సజీవ జనాభా విషయంలో మరొక చిక్కు ఉంది. భారత జనగణనలో పెద్దలు చెప్పిన వయసులు సున్న, అయిదు అంకెల వద్ద గుమికూడటం జనాభాశాస్త్రజ్ఞులకు సుపరిచితం. జననమరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టిన గ్రామీణుల వయసు చాలా సందర్భాలలో అంచనాయే. వృద్ధులలో వయసుకు, అరుగుదలకు సంబంధాన్ని గణించే పరిశోధకుడు ఆ వయసు ఏ ఆధారంతో వచ్చిందో నమోదు చేయాలి. కరువు, వరద, ఎన్నిక వంటి స్థానిక ఘటనలతో సరిచూసి వయసు రాబట్టే క్షేత్రపద్ధతి ఇక్కడ ఉపకరిస్తుంది.

అలాగే అలవాట్ల పట్టికలోనూ స్థానికత అవసరం. పాశ్చాత్య ప్రశ్నావళిలో శీతలపానీయాలు, బ్రష్షు గట్టితనం ఉంటాయి. వేపపుల్ల, కచ్చిక, బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడితో పళ్లు తోముకోవడం, వక్క నమలడం, చింతపండు పులుపు ఎక్కువగా గల రోజువారీ వంట, ముందుపళ్లతో దారం తెంపే దర్జీ, నేత పనులు అందులో ఉండవు. తిరగలి నుంచి పిండిమరకు, దంపుడు బియ్యం నుంచి మిల్లు బియ్యానికి మారిన కాలం ఊరూరా వేరు. ఒకే గ్రామంలో డెబ్బై ఏళ్లవారికీ నలభై ఏళ్లవారికీ మధ్య కనిపించే తేడా ముప్పై ఏళ్ల వయసు వల్లనా, రెండు రకాల వంటిళ్ల వల్లనా అన్నది ఒక్కసారి చేసిన సర్వే తేల్చలేదు. అదే వ్యక్తులను కొన్నేళ్ల తరువాత మళ్లీ పరీక్షించినప్పుడే అది తేలుతుంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• పంటి అరుగుదలకు అన్ని జనాభాలలో స్థిరంగా కనిపించే సంబంధం వయసుతోనే. అయితే ఆ సంబంధపు వేగం ప్రతి సమాజానికీ వేరు. ఒక సమాజపు వేగాన్ని మరొకదానికి అన్వయించడం చెల్లదు.

• లింగభేదం ప్రకృతి నియమం కాదు. నేటి ఐరోపా సర్వేలలో పురుషులలో అరుగుదల ఎక్కువగా కనిపించినా, ప్రాచీన సమాజాలలో అది శ్రమవిభజనను బట్టి మారింది.

• వర్గం, నివాసం పంటిని నేరుగా తాకవు. వంటింటి సాధనం, తాగునీరు, వృత్తి అనే మార్గాల ద్వారా తాకుతాయి. ఆ మార్గాన్ని చూపకుండా సంబంధాన్ని మాత్రమే ప్రకటించడం అసంపూర్ణం.

• ఊడిన పళ్లు, లెక్కలోకి రాని వ్యక్తులు ఫలితాలను వక్రీకరిస్తారు. అరుగుదల గణాంకంతోపాటు దంతనష్ట గణాంకం ఇవ్వడం తప్పనిసరి.

• అరుగుదల నుంచి వయసును రాబట్టిన అధ్యయనం, ఆ వయసుతోనే మళ్లీ అరుగుదల వేగాన్ని చర్చించరాదు. వయసుకు స్వతంత్రమైన మరొక ఆధారం ఉన్నప్పుడే ఆ చర్చకు విలువ.

అరిగిన పన్ను చరిత్రకారునికి విలువైన పత్రమే. కాని దానిలో కాలం, తిండి, పని ఒకే సిరాతో రాయబడ్డాయి. వాటిలో ఏది ఏ గీతగా మిగిలిందో విడదీసి చదవగల స్థానిక కొలమానాలు తెలుగు ప్రాంతానికి ఇంకా రూపొందవలసి ఉన్నాయి. మానవశాస్త్రం, దంతవైద్యం, ఆహారచరిత్ర విభాగాలు కలిసి పనిచేసినప్పుడే అవి సాధ్యమవుతాయి.